ఐరాల దాకా

చిత్తూరు ఊరి చివరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అందరికంటే ముందు మొదలయ్యేది భానుశ్రీ పని. ఎనిమిదికల్లా కాటా గదిలోకి వచ్చి, కంప్యూటరు మీది గుడ్డ తీసి దులిపి, తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరుస్తుంది. అందులో బొమ్మలుండవు, తెల్లటి అక్షరాలు తప్ప. గోడకు అంటించిన కాగితం చూసి ఒక కమాండు వరస కొడుతుంది. వరస చివర అండ్ గుర్తు (&) పెట్టడం మరిచిపోకూడదు. ఎంటర్ నొక్కగానే కింద ఒక నాలుగంకెల నంబరు పడుతుంది. ఆ మంగళవారం పడింది నాలుగువేల నూట ఇరవై ఏడు.

నంబరు పడితే పనయిపోయినట్టే. రెండేళ్ళ కింద ఈ ఏర్పాటంతా చేసిన గిరిప్రసాద్, తిరుపతిలో వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ, అరగంటలో నేర్పించిన చదువు అది. "నంబరు రావాల. వస్తే ఇంక నువ్వు దాని గురించి ఆలోచించే పన్లేదు" అన్నాడు. భానుశ్రీ కూడా ఆలోచించలేదు. ఆ పని చేసేది మేడ మీది గదిలో ఉన్న పెద్ద కంప్యూటరు. పేరు రాయించుకుని ఇంకా టోకెను అందని రైతులందరినీ వరసగా తీసుకుని, ఫలానా రోజు మీ తోతాపురి కాయ తెండి అని ఒక్కొక్కరి ఫోనుకు టోకెను పంపుతుంది. టోకెను లేని బండికి గేటు తెరవరు.

పది నిమిషాలయ్యేసరికి మొదటి ట్రాక్టరు కాటా ఎక్కుతుంది. అప్పుడు నల్ల కిటికీ మూసేసి తూకం కిటికీ తెరవాలి. రెండూ ఒకేసారి తెరిచి ఉంటే తూకం అంకెలు ఆగి ఆగి వస్తాయని మేనేజరు రఘునాథ్ కేకలేస్తాడు. కాబట్టి భానుశ్రీ రోజూ మూసేది. వేళ తప్పకుండా, శ్రద్ధగా మూసేది. ఆ శ్రద్ధే కొంప ముంచుతోందని పాపం ఆమెకెవరూ చెప్పలేదు.

మంగళవారం మూడో బండి దిగుతుండగా కాటా గది కిటికీ దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది. మామిడి సొన చారలు చారలుగా కాలి ముంజేతులు నల్లబడ్డాయి.

"పాపా, మాది ఐరాల తట్టు. మునిరామయ్య నా పేరు. టోకెను రాలేదు, రొంత సూడమ్మా."

"టోకెను రాకుండానే కాయ కోసుకొచ్చినారా పెద్దాయనా?"

"నంబరు ఉండాది గదా" అంటూ ఆయన ఫోను చాచాడు. పేరు రాయించుకున్న రోజు వచ్చిన సందేశం అది. పదకొండు వందల ఎనభై ఆరు. "మా చిన్నాయన కొడుకు ఢిల్లీబాబు నా ఎనకమాల రాయించుకున్నోడు. వానికి శనివారమే టోకెను వచ్చె, బుధవారం రమ్మని. వానికొస్తే నాకు రాదా అనుకుంటిని. కోతకూలీలు మా రెండు తోపులకూ జతగానే వస్తారు. పెద్దోణ్ణని నా తోపులో ముందు దిగినారు, నిన్న కోసేసినారు. కోత ఆపితే మళ్ళీ యాడ దొరుకుతారు?"

అది నిజమే. ఆషాఢంలో కోతకూలీలు దొరకడమంటే మాటలు కాదు. దొరికిన నాడు కోయించుకోవాలి. తోపుల గట్లు కలిసిన వాళ్ళు పంచుకుని కోయించుకోవడం ఆ పక్క మామూలే. భానుశ్రీ జాబితా తెరిచింది. ఆయన పేరుంది. ఎదురుగా టోకెను గడి ఖాళీగా ఉంది.

"పేరుండాది. టోకెను పడలా. రేపు వస్తుందేమో."

"రేపా? కాయ చెట్టు మీదే రంగు తిరిగుండాది పాపా. పట్ట కింద ఎన్నాళ్ళుంటాది?"

అంతలోకే రఘునాథ్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. సీజను మొదలైనప్పటి నుంచి కంటికి నిద్ర లేక కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. "టోకెను లేకుంటే లేదంతే పెద్దాయనా. నా చేతిలో ఏముండాది? అంతా కంప్యూటరు జేసేది" అన్నాడు. గొంతు పెంచలేదు. రోజుకు యాభై మందికి చెప్పే మాట అది, నలిగిపోయి ఉంది.

ముసలాయన కంప్యూటరు వైపు చూశాడు, తర్వాత భానుశ్రీ వైపు చూశాడు. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేది. గేటు బయట ఎండలో వరసగా నిలబడ్డ ట్రాలీల్లో తనదాని పక్కకు పోయి, పైన కప్పిన పట్ట కొంచెం ఎత్తి, లోపలికి గాలాడేట్టు ఒక పుల్ల గుచ్చాడు.

బుధవారం పొద్దున ఢిల్లీబాబు బండి వచ్చింది. నలభై ఏళ్ళవాడు, పొట్టి మనిషి, మాటలో గబగబ. బండి దిగీ దిగగానే అన్న ట్రాలీ చూసి గతుక్కుమన్నాడు. పట్ట అంచుల నుంచి అప్పుడే సన్నగా నీరు దిగుతోంది. ఈగలు ముసిరాయి.

కాటా గది కిటికీలోంచి భానుశ్రీకి అన్నీ కనబడుతున్నాయి, వినబడుతున్నాయి.

"అన్నా, ఒక మాట. నీ కాయ ముందు కోసింది. నాది నిన్న కోసింది, రాయి మాదిరిగా ఉండాది. నా టోకెను మీద నీ బండి పోనీ. నేను ఎట్లో సూసుకుంటా."

గేటు దగ్గర నంబరు చూస్తారు తప్ప మనిషిని చూడరు. ఆ పని జరిగేదే. మునిరామయ్య తలెత్తాడు. రెండు రోజులుగా ఆ గేటు ముందు డ్రైవర్లు టీలు తాగుతూ ఏం మాట్లాడుకుంటున్నారో ఆయన చెవిన పడుతూనే ఉంది. మేనేజరుది బంగారుపాళ్యం. టోకెన్లన్నీ బంగారుపాళ్యం వాళ్ళకు, చిత్తూరు వాళ్ళకు, గుడిపాల వాళ్ళకు పోతున్నాయి. తవణంపల్లె బండి ఒకటైనా లోపలికి పోయిందా? యాదమరి బండి పోయిందా? ఐరాలలో మాత్రం ఎవరో నలుగురికి వచ్చాయి. ఎట్లా వచ్చాయో దేవుడికే తెలియాలి.

"నా ఎనక రాయించుకున్నోనివి. నీకెట్ల వచ్చెరా ముందు?"

"నాకేం తెలుసన్నా? ఫోనుకు వచ్చె."

"ఊరికే వచ్చెనా? బస్తా రసాల పండ్లు ఎత్తకపోయి ఎవురింట్లో దించొస్తివి మొన్న?"

"అవి మా అత్తోళ్ళకు ఎత్తకపోతిని అన్నా, కాణిపాకానికి! నీకు తెలీదా?"

"నాకన్నీ తెలుసు. మేనేజరు కాళ్ళు పట్టుకొని తెచ్చుకున్న టోకెను నాకొద్దు. కుళ్ళిపోతే కుళ్ళిపోనీ. దొంగ దావలో నా కాయ పోదు."

నలభై మంది డ్రైవర్లు, రైతులు వింటున్నారు. ఢిల్లీబాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు. భుజం మీది టవలుతో ముఖం తుడుచుకుని బండెక్కాడు. అతని ట్రాలీ కాటా మీదికి వచ్చినప్పుడు భానుశ్రీ తూకం చీటీ ఇస్తే, తలెత్తకుండా తీసుకున్నాడు.

భానుశ్రీ ఊరుకోలేకపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ గేటు కాపలాదారు దగ్గర పుస్తకం అడిగి తీసుకుని, అన్నం గిన్నె పక్కన పెట్టుకుని చదివింది. లోపలికి వచ్చిన ప్రతి బండీ, ఏ ఊరిదో అందులో రాసి ఉంటుంది. పదకొండు రోజుల పేజీలు తిప్పింది. బంగారుపాళ్యం. చిత్తూరు. గంగాధర నెల్లూరు. గుడిపాల. ఒక్క రోజు మాత్రం ఐరాల, అదీ నాలుగు బండ్లు. కార్వేటినగరం లేదు. పెనుమూరు లేదు. తవణంపల్లె, వెదురుకుప్పం, యాదమరి లేనే లేవు. డ్రైవర్ల మాట నిజం. ఎవరో కావాలని చేస్తున్నారు. చేయి కడుక్కోకుండానే గిరిప్రసాద్‌కు ఫోను చేసింది.

"అన్నా, ఐరాల దాటి టోకెన్లు పోకుండా సారు నీతో ఏమన్నా రాయించుకున్నాడా?"

అవతల గిరిప్రసాద్ నవ్వాడు. "నాతోనా? అట్లాంటిదేమీ లేదమ్మా. ఊర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటాయి. మొదట బి వస్తుంది, చివర వై వస్తుంది. అంతే."

"మరి ఐ దగ్గరే ఎందుకు ఆగిపోతాంది?"

"పొద్దున నువ్వేం జేస్తావో వరసగా చెప్పు" అన్నాడు.

చెప్పింది. వరస కొడతాను, అండ్ గుర్తు పెడతాను, నంబరు పడుతుంది, బండి వచ్చేసరికి మూసేస్తాను.

"మూసేస్తావా?"

"నంబరు పడింది గదా అన్నా."

"అయ్యో" అన్నాడు గిరిప్రసాద్. తర్వాత మెల్లగా, "ఇప్పుడు కాటా ఖాళీనా? నల్ల కిటికీ తెరువు. నేను చెప్పేది కొట్టు" అన్నాడు.

ఏ పనీ చేయకుండా చెప్పినన్ని సెకన్లు ఊరికే పడుకునే కమాండు ఒకటి ఉంది. అరవై సెకన్లు పడుకోమని కొట్టించాడు, చివర అండ్ గుర్తుతో. ఎంటర్ నొక్కిన మరుక్షణం నంబరు పడింది.

"పడిందా? మరి అరవై సెకన్లు అయినాయా?"

కాలేదు.

"ఆ నంబరు పని మొదలైందని చెప్పేదే. వెనకాల ఒకటి నడుస్తా ఉంది, దాని గుర్తు ఇది అని. అండ్ పెడితే అర్థం, నువ్వు వెనకాల చేసుకో, నేను ముందు వేరే పని చూసుకుంటా అని. ఇప్పుడు జాబ్స్ అని కొట్టు."

కొట్టింది. రన్నింగ్ అని వచ్చింది. నడుస్తోంది. గోడ గడియారం చూస్తూ కూర్చుంది. నిమిషం దాటాక ఉత్త ఎంటర్ నొక్కమన్నాడు. నొక్కింది. డన్ అని ఒక వరస పడింది. రెండేళ్ళలో ఆ మాట ఆ తెర మీద ఆమె ఎన్నడూ చూడలేదు. చూసేదాకా ఎన్నడూ ఉండలేదు.

"ఇంకోసారి పడుకోబెట్టు. ఈసారి మధ్యలో కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, అది బతికుందేమో వెతుకు."

బతికి లేదు. కిటికీతో పాటే పోయింది.

పొద్దుటి పని ఏమేం చేసిందో దానంతట అది రాసిపెట్టుకునే ఫైలు ఒకటి ఉంటుందని చెప్పి, అదీ తెరిపించాడు. పేర్లు, ఊర్లు, పంపిన వేళలు వరసగా ఉన్నాయి. ఒక్కో టోకెనుకు ఏడెనిమిది సెకన్లు పడుతోంది. ఎనభయ్యో పేరు గుడిపాల మనిషిది. ఎనిమిది గంటల పది నిమిషాలకు. ఆ కింద ఏమీ లేదు. మొత్తం అయిపోయాక పడాల్సిన చివరి వరస లేదు. సీజను మొదట్లో పేర్లు తక్కువ, పది నిమిషాల్లో తెమిలేవి. ఇప్పుడు రెండువందల యాభై దాటాయి. పై ఊర్ల నుంచి రోజూ కొత్త పేర్లు చేరుతుంటే కింది ఊర్ల వంతు రానే రాదు. శనివారం ఒక్కనాడు కొత్త పేర్లు తక్కువై ఐరాల దాకా వచ్చింది. ఊర్లో పేర్లు కూడా అక్షరాల వరసే, డి దాకా వచ్చి, ఎమ్ రాకముందే ఆమె మూసేసింది.

డి ఢిల్లీబాబు. ఎమ్ మునిరామయ్య.

"వరసకు ముందర ఇంగ్లీషులో నోహప్ అని కొట్టు. ఐదక్షరాలు. నువ్వు కిటికీ మూసినా అది సావదు. ఆ రోజే చెప్పుండాల్సింది. తప్పు నాది గూడా" అన్నాడు గిరిప్రసాద్. "ఇప్పుడే నడుపు, అరగంటలో అందరికీ పోతాయి."

"సారును అడిగి నడుపుతానన్నా."

ఎందుకట్లా అంది? మధ్యాహ్నం పూట టోకెన్లు పంపే ఆనవాయితీ లేదని తనకు తాను చెప్పుకుంది. నిజానికి భయం. వేలు ఎంటర్ మీద పెట్టి, తీసేసింది. ఆ సాయంత్రం గేటు దాటుతూ మునిరామయ్య ట్రాలీ వైపు చూడకుండా, తల వంచుకుని చరచరా పోయింది.

గురువారం ఏడున్నరకే వచ్చి రఘునాథ్ గది ముందు నిలబడింది. అన్నీ చెప్పింది. నంబరు, కిటికీ, ఎనభయ్యో పేరు, ఐదక్షరాలు. తిడతాడనుకుంది. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేది. ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు నలుపుకున్నాడు.

"కూర్చోమ్మా. మన మిషన్లు దినానికి ఎన్ని టన్నులాడతాయి?"

"మూడొందలు సార్."

"ఎనభై బండ్లు. పదకొండు దినాలుగా సరిగ్గా అన్నే వచ్చినాయి. నాకూ ఆశ్చర్యంగానే ఉండె, ఎట్లబ్బా ఇంత సరిగ్గా అని. అందరికీ టోకెను పోతే అందరి కాయా తీసుకుంటామని మాటిచ్చినట్టు. యాడ పోస్తాం? రావద్దని బోర్డు పెడితే గేటు ఇరగ్గొడతారు. ఇప్పుడెవరూ ఎవర్నీ కాదనలేదు. వాళ్ళ వంతు రాలేదు, అంతే."

"వాళ్ళ వంతు ఎప్పటికీ రాదు గద సార్."

"నువ్వు జేసిన తప్పు నేనెవరికీ చెప్పను. ఓనరుకు గూడా చెప్పను. రోజూ ఎట్ల జేస్తాండావో అట్లే జెయ్. సీజను ఇంక పదైదు దినాలు." ఆయన గొంతులో దయ ఉంది. అదే భరించరానిది. "పో, బండ్లు వచ్చే వేళయింది."

ఇంట్లో తల్లి చంద్రకాంతమ్మకు ఈ ఉద్యోగం వదిలితే ఇంకో ఉద్యోగం చెట్టుకు కాస్తుందన్న భ్రమ లేదు. భానుశ్రీకీ లేదు. కాటా గదిలో కూర్చుంది. గుడ్డ తీసి దులిపింది. వరస కొట్టింది, అండ్ గుర్తు పెట్టింది. నోహప్ కొట్టలేదు. నంబరు పడింది. జాబ్స్ అని కొడితే రన్నింగ్ అని వచ్చింది. మేడ మీద అది వరసగా బంగారుపాళ్యం, చిత్తూరు దాటుతూ ఉంటుంది. ఎనిమిదీ పదికి మొదటి ట్రాక్టరు కాటా ఎక్కి హారను కొట్టింది. పదకొండు రోజులు తెలియక మూసింది. పన్నెండో రోజు తెలిసే మూసింది. చేయి అలవాటుగానే పోయింది, ఏమీ కాలేదు.

ఆ రోజంతా మునిరామయ్య కిటికీ దగ్గరికి రాలేదు. బండి కింద నీడలో కూర్చుని, పైనుంచి ఒక్కో కాయా తీసి నొక్కి చూసి పక్కన పెడుతూ పోయాడు. ముందు రెండు కుప్పలు చేశాడు, బాగున్నవీ బాగులేనివీ. సాయంత్రానికి ఒకటే కుప్ప అయింది. ఆరు గంటలప్పుడు ట్రాక్టరు డ్రైవరు వచ్చి బండి స్టార్టు చేశాడు. ఫ్యాక్టరీ ప్రహరీ అవతల, రోడ్డు వారన గుంటలోకి ట్రాలీ ఎత్తి దించేశారు. నాలుగు టన్నుల కాయ ఒక్కసారిగా జారిన చప్పుడు కాటా గది దాకా వినబడింది. ఆవులు పరుగెత్తుకుంటూ వచ్చాయి.

శుక్రవారం భానుశ్రీ ఎవరినీ అడగలేదు. వరస కొట్టే ముందు ఐదక్షరాలూ కొట్టింది. నంబరు పడింది. ఎనిమిదీ పదికి కిటికీ మూసింది. ఎనిమిదీ ఇరవైకి, ఒక బండి దిగి ఇంకొకటి ఎక్కే సందులో, మళ్ళీ తెరిచి ఆ ఫైలు చూసింది. అది బతికే ఉంది. ఐరాల దాటింది. చూస్తుండగానే ఒక్కో పేరూ కింద చేరుతోంది. కార్వేటినగరం. పెనుమూరు. ఇంకొంచెం సేపటికి తవణంపల్లె. గేటు బయట ఒక ఫోను మోగింది, తర్వాత ఇంకొకటి. ఎవరో కేకేశారు. మనుషులు లేచి, ఒకరి ఫోను ఒకరికి చూపించుకుంటూ గేటు మీదికి వస్తున్నారు. చివర వై దాటి, అన్నీ అయిపోయినట్టు ఆఖరి వరస పడేదాకా చూసి, లేచి బయటికి నడిచింది. కాటా మీద బండి హారను కొడుతూనే ఉంది.

మునిరామయ్య గేటు పక్కన కుళాయి దగ్గర ట్రాలీ కడుగుతున్నాడు. అద్దె ట్రాలీ, వాసన పోకుండా తిరిగిస్తే ఊరుకోరు. గుజ్జు అంటుకుపోయిన పలకలను చీపురుతో తోముతున్నాడు. ఆమెను చూసి చేతులు పంచెకు తుడుచుకుని, బొడ్లోంచి ఫోను తీశాడు.

"ఇబ్బుడే ఏందో వచ్చె. ఏం రాసుండాదో సూడు పాపా."

"టోకెను. రేపు పొద్దున తెమ్మని."

ఆయన ట్రాలీ వైపు చూశాడు.

"పెద్దాయనా, ఇది మీకు ముందే రావాల్సింది. నా వల్ల రాలేదు. పంపే పని అరగంట నడవాల, నేను పది నిమిషాలకే ఆపేస్తా వచ్చినాను. తెలీకుండా ఆపినాను. నిన్న మాత్రం తెలిసే ఆపినాను."

ఆయనకు ఎంత అర్థమైందో ఆమెకు తెలియలేదు. కుళాయి నీళ్ళు పారుతున్నాయి. వంగి కట్టేశాడు.

"మేనేజరు జేయించినాడా?"

"నిన్నటిది ఆయన చెప్పినాడు. అంతకు ముందటిది ఎవరూ చేయించలేదు. ఊర్లు వరసలో ఉంటాయి, ఊర్లో పేర్లు వరసలో ఉంటాయి. ఢిల్లీబాబుది మీకంటే పైన ఉండాది. నేను ఆపేటప్పటికి ఆయనది పోయింది, మీది పోలేదు."

"అంతేనా?"

"అంతే."

"వాడు ఎవురికీ ఏమీ ఇయ్యలా?"

"లేదు పెద్దాయనా. ఎవరినీ అడగలేదు గూడా. ఊరికే వచ్చింది."

మునిరామయ్య ట్రాలీ అంచు మీద కూర్చున్నాడు. చీపురు ఇంకా చేతిలోనే ఉంది. ప్రహరీ అవతల కుప్ప మీద కాకులు గోల చేస్తున్నాయి. మేడ మీది నుంచి రఘునాథ్ భానుశ్రీని పేరు పెట్టి రెండుసార్లు గట్టిగా పిలిచాడు. ఆమె కదల్లేదు. తిట్టమని, కొట్టమని, ఏదో ఒకటి అనమని ఆ ముసలాయన ఎదురుగా నిలబడే ఉంది. ఆయన ఆమెను చూడటం లేదు. బుధవారం తమ్ముడు నిలబడిన చోటు, గేటు ముందర ఆ ఖాళీ నేల వైపు చూస్తున్నాడు.

"అయితే వాడు ఆ టోకెను నిజంగానే ఇస్తాననె" అన్నాడు.